బదులు మిషన్

మా అమ్మాయి ఆసియా నా సామాన్లను తక్కెడకు వేలాడదీసిన రోజు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా దిగలేదు. ముప్పై ఏడేళ్ళుగా కుట్టు మిషన్లు బాగుచేస్తున్న మనిషిని నేను. ప్రొద్దుటూరులో జియావుల్లా అని పిలిస్తే పదిమంది తిరిగి చూస్తారు. మిషన్ జియావుల్లా అంటే మాత్రం నేనొక్కణ్ణే. అలాంటి నా పానాలనూ పట్కారులనూ పాత ఇనుము కొనేవాడి కొక్కెం తక్కెడకు ఒక్కొక్కటే తగిలించి, ఎన్ని గ్రాములో నోటుబుక్కులో రాసుకుంటూ కూర్చుంది. ఆసియా బడిలో లెక్కలు చెబుతుంది. ఇంటికొచ్చినా ఆ రోగం వదలదు.

దీనంతటికీ కారణం నా మోకాళ్ళు. పెట్రోలు బండికి కిక్కు కొట్టీ కొట్టీ కుడి మోకాలు అరిగిపోయింది. పోయిన ఏడాది మైలవరం కట్ట దగ్గర కాలు బిగుసుకుపోయి బండి మీంచి దిగలేకపోయాను. రెండు నెలలకు లింగాలలో మళ్ళీ అదే. రెండుసార్లూ ఆసియా బడి మధ్యలో వదిలేసి ఆటో మాట్లాడుకుని వచ్చి నన్ను ఎక్కించుకుపోయింది. రెండోసారి ఇంటికొచ్చాక తేల్చి చెప్పేసింది.

"ఇంక ఊర్లు తిరిగింది చాలు అబ్బా. ఇంటి ముందర అంగడి పెట్టుకో. కావాల్సినోళ్ళు మిషన్లు ఈడికే తెచ్చుకుంటారు."

"మిషన్లు నడిచొస్తాయా? కాళ్ళుండేది నాకా వాటికా?" అన్నాను.

"నీకు ఉండేది ఒకటే కాలు ఇప్పుడు," అంది. తల్లి పోలిక కాదు, అచ్చం నా నోరే.

నిజం చెప్పాలంటే నా బాధ మిషన్ల గురించే కాదు. గురువారం పొద్దున్నే బండెక్కి జమ్మలమడుగు, అక్కడినుంచి ముద్దనూరు పక్క పల్లెలు, ఆపైన పులివెందుల చూసుకుని పొద్దుగూకే వేళకు ఇల్లు చేరడం, అదే నా బతుకు. ఏ ఇంట్లో ఏ మిషను ఎలా దగ్గుతుందో నాకు తెలుసు. నేను పోకపోతే ఫలానా ఇంట్లో దారం తెగుతూనే ఉంటుందని వారం మధ్యలో గుర్తొస్తుంది. అదంతా పోగొట్టుకుని, ఇంటి ముందు స్టూలు మీద కూర్చుని, దారిన పోయేవాళ్ళకు సలాములు కొట్టుకుంటూ ముసలివాణ్ణవడమా? ఆ మాట తలుచుకుంటేనే నాకు ఏడుపొచ్చేది. ఏడ్చాను కూడా, ఒకసారి, నీళ్ళ గదిలో.

ఆఖరికి ఆసియానే ఒక దారి చెప్పింది. కిక్కు అక్కర్లేని కరెంటు బండి తీసుకుందాం, కానీ ఒక ఒప్పందం.

"దారిలో బండి ఒక్కసారి నిలిచిపోయి, నిన్ను తెచ్చుకోను నేను రావాల్సి వచ్చిందనుకో, బండి తాళం నాది. ఆ తర్వాత నువ్వు అంగట్లో కూచోవాల. మళ్ళా మాట మార్చకూడదు."

నేను చేతిలో చెయ్యి వేశాను. అలా ఇంటికి వచ్చింది ఆ తెల్ల బండి.

మొదటి నాలుగు రోజులూ నాకు దాన్ని చూస్తే ఒళ్ళు మండింది. చప్పుడే ఉండదు. నా పాత బండి వీధి మొగలో ఉండగానే ఆడవాళ్ళు మిషన్ మీద గుడ్డ తీసి సిద్ధంగా ఉండేవాళ్ళు. ఈ బండి పిల్లిలా వచ్చి నిలబడుతుంది. అందుకని అటక మీద ఉన్న నా మొదటి సైకిలు గంట దించి, తుప్పు గీకి, చమురు పోసి హ్యాండిలుకు బిగించాను. బండికి హారన్ ఉండగా ఈ గంటెందుకని ఆసియా నవ్వింది. నవ్వనీ.

బండికి మూడు నడకలున్నాయి. నెమ్మది, మామూలు, జోరు. ఆసియా తన ఫోనులో ఏదో నొక్కి జోరు నడకకు నంబరు తాళం వేసేసింది. వేగం నలభై రెండు దాటకుండా కట్టేసింది. నేను ఎక్కడున్నానో, బండిలో ఎంత ఛార్జింగ్ మిగిలిందో కూడా ఆ ఫోనులోనే తెలుస్తుందట. అంటే బండి కాదు, కూతురి తరఫు కాపలాదారు. దాంట్లో నాకు నచ్చింది ఒక్కటే. దిగుడులో యాక్సిలరేటరు మీది చెయ్యి వదిలేస్తే, పోయిన ఛార్జింగ్ కాస్త వెనక్కి వస్తుంది. ఆ తెలివి మనుషులకుంటే బాగుండు.

సంచులు మా ఇంటిది కుట్టింది. జైబున్నీసా కుట్టుపని నాకంటే పాతది. పాత టార్పాలిన్‌కు లోపల జీన్సు గుడ్డ వేసి, సీటుకు అటూ ఇటూ వేలాడే రెండు సంచులు కుట్టింది. లోపల పదిహేను జేబులు. నాకు కళ్ళద్దాలు లేకపోతే దగ్గర వస్తువు కనపడదని, ఒక్కో జేబు అంచుకు ఒక్కో రంగు దారం వేసింది. ఎర్ర దారం జేబులో స్క్రూలు, పచ్చ దాంట్లో సూదులు, పసుపు దాంట్లో బాబిన్ కేసులు, నల్ల దాంట్లో చమురు డబ్బా. మూడో సంచి ఒకటి కుట్టి, కాళ్ళ దగ్గరి ఖాళీలో పెట్టింది. దానికి జేబులు లేవు. అడుగున మందంగా దూది పరిచి కుట్టింది.

"ఇదెందుకు?" అని అడిగితే, "వానకోటు పెట్టుకో," అంది నా వైపు చూడకుండా.

ఇప్పుడు తక్కెడ దగ్గరికి వద్దాం. పనిముట్లు, విడి భాగాలు అన్నీ కలిపి ఇరవై ఒక్క కిలోలు తేలాయి. ఆసియా రెండో సుత్తి తీసేసింది, మూడో పానా తీసేసింది, నేను పళ్ళు నూరుకున్నాను. ఆ తర్వాత నా బదులు మిషన్ తెచ్చి తక్కెడకు తగిలించింది. పన్నెండున్నర కిలోలు.

బదులు మిషన్ అంటే ఏమిటో చెప్పాలి. నాకు పని నేర్పిన ఉస్తాదు రెండు మాటలు చెప్పాడు. ఒకటి, బాగుకాని మిషన్ను ఇంట్లోంచి ఎత్తుకొచ్చేటప్పుడు దాని చోట ఇంకొకటి పెట్టి రావాలి. కాళ్ళతో తొక్కే బల్ల అక్కడే ఉంటుంది, పైన తల ఒక్కటే మారుస్తాం. మన దగ్గర మిషన్ ఎన్ని రోజులున్నా ఆ ఇంట్లో కుట్టు ఆగకూడదు. రెండు, మిషన్ ఆగిన ఇంట్లో టీ తప్ప ఏమీ ముట్టకూడదు. ఆ పూట ఆ ఇంట్లో ఉన్నదంతా ఆ ఇంటివాళ్ళకే. ముప్పై ఏడేళ్ళలో నేను ఈ రెండూ తప్పలేదు. మొట్టమొదట బదులు మిషన్ పెట్టింది జమ్మలమడుగులో జైబున్నీసా వాళ్ళింట్లో. ఆ మిషన్ను తెచ్చుకోవడానికి పోయి పోయి, చివరికి మనిషినే తెచ్చుకున్నాను.

"ఇది తీసేయాల అబ్బా," అంది ఆసియా. "ఇరవై కిలోల లోపు ఉంటే నెమ్మది నడకలో తొంభై అయిదు కిలోమీటర్లు వస్తాది. జమ్మలమడుగు మీద పులివెందులకు ఎనభై. ఆడ ఫయాజ్ మామ అంగట్లో మూడు గంటలు ఛార్జింగ్ పెడితే తిరిగి రావచ్చు. ఇది ఎక్కిందనుకో, ముద్దనూరు దాటినాక మిట్ట మీదే నిలిచిపోతావు."

ఫయాజ్ మా ఇంటిదాని తమ్ముడు. పులివెందులలో టైలరు. బావమరిది కరెంటు వాడుకోవడానికి నాకు మొహమాటం లేదు.

"మిషన్ చెడిపోయినోళ్ళకు ఏం చెప్పాల?"

"వచ్చే వారం తెస్తానని చెప్పు. ఎప్పుడో ఒకసారి వచ్చే పనికి ప్రతి వారం పన్నెండున్నర కిలోలు మోస్తాండావు."

లెక్క తప్పని చెప్పడానికి నాకు లెక్కలు రావు. ఒప్పందం ఉంది, బండి ఆగితే అంగడి. నేను నోరు మూసుకుని బదులు మిషన్ను గుడ్డ కప్పి గదిలో మూలన పెట్టాను. జైబున్నీసా అంతా చూసింది, ఏమీ అనలేదు. దూది పరిచిన సంచి మాత్రం ఖాళీగా నా కాళ్ళ దగ్గరే ఉంది. అందులో వానకోటు ఒక మూలకు వచ్చింది.

గురువారం ఆరున్నరకు బయలుదేరాను. బండి బాగానే నడిచింది, ఆ మాట ఒప్పుకోవాలి. జమ్మలమడుగులో రెండు మిషన్లు చూశాను. మోకాలు నొప్పి లేదు. రంగు దారాల జేబుల్లో చెయ్యి పెడితే కావలసింది చేతికి వస్తోంది. నలభై రెండుకు మించి పోనివ్వని బండి మీద, కరెంటు ఫ్యాక్టరీ బూడిద మోసే లారీలు నన్ను దాటుకుంటూ పోతుంటే, గంట మోగించుకుంటూ ముద్దనూరు పక్క పల్లెకు పదిన్నరకు చేరాను.

అక్కడ యేసమ్మ ఇల్లుంది. నాకంటే పదేళ్ళు చిన్నది. మొగుడు పోయిన ఏడాది నుంచి, అంటే ఇరవై రెండేళ్ళుగా, ఆమె మిషన్ నేనే చూస్తున్నాను. ఆ మిషన్ మీదే ఇద్దరు కూతుళ్ళను చదివించి పంపింది. గంట విని బయటికొచ్చింది. ఎప్పుడూ నవ్వే మనిషి ఆ రోజు నవ్వలేదు.

"వచ్చినావా సాయబన్నా! నిన్న మధ్యాన్నం నుంచి నీకోసమే చూస్తాండా. టక్కుమని ఇరిగినట్టు చప్పుడైంది, అంతే, తొక్కితే కదల్లేదు."

తల పక్కకు వంచి చూశాను. కింది ఇరుసు పగిలింది. అది లేత్ మీద కొత్తది చేయించాలి, ప్రొద్దుటూరు తప్ప దారి లేదు. ఎంత లేదన్నా రెండు రోజులు.

గది నిండా నీలం గుడ్డ కత్తిరించి కట్టలు కట్టి ఉంది. హాస్టలు పిల్లల బట్టలట. శనివారం ఇవ్వాలి. ఇంకా ఇరవై ఆరు జతలు మిగిలాయి. ఈ పని ఆమెకు మొదటిసారి వచ్చింది. ఈసారి మాట తప్పితే మళ్ళీ పిలవరు.

"పోతే పోనీలే, నీ బదులు మిషన్ మీద కుడతా. రెండు పొద్దులు నిద్ర మానుకుంటే అయిపోతాది," అంటూ నా బండి దగ్గరికి వెళ్ళింది. అటూ ఇటూ చూసింది. కాళ్ళ దగ్గరి సంచి తట్టి చూసింది. అది మెత్తగా లోపలికి పోయింది.

"బదులు మిషన్ తేలేదా అన్నా?"

నన్ను ఎవరైనా చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నేనూ రెండు మాటలు అని బయటపడేవాణ్ణి. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి తేలేదు, ఆ మొదటిసారే ఆమెకు అవసరమొచ్చింది.

"ఇంటికాడ ఉండాది. సందకాడికి తెచ్చిస్తా," అన్నాను.

"ప్రొద్దుటూరు పోయి మళ్ళా వస్తావా? ఇంత ఎండలోనా? నీ కాళ్ళు బాగలేవని అంటాండారే."

"కాళ్ళతో పనేముంది? బండే కదా వచ్చేది."

ఆమె మిషన్ తల విప్పి సంచిలో పెట్టాను. సంచి దానికి కొలత తీసినట్టు సరిపోయింది. పైన మూత, పక్కన పట్టీలు, అడుగున దూది, అన్నీ. అప్పుడు అర్థమైంది నాకు, జైబున్నీసా వానకోటు కోసం కుట్టలేదని. లెక్కల టీచరు ముందు నోరెత్తకుండా ఆమె చెప్పదలుచుకున్నది చెప్పేసింది. చదువుకోవడం నాకే ఆలస్యమైంది.

ఫయాజ్‌కు ఫోను చేసి ఈ వారం రానని చెప్పి, బండి తిప్పాను. ఇంటికి వచ్చేసరికి పన్నెండైంది. ఛార్జింగ్ పదహారు శాతం ఉంది. ఇరుసు తీసి లేత్ కొట్లో ఇచ్చి, బండికి ఛార్జరు తగిలించి, అన్నం తిన్నాను. సంగతంతా విని జైబున్నీసా గదిలోకి పోయి, గుడ్డ తీసి, బదులు మిషన్‌కు చమురు వేసి తుడవడం మొదలుపెట్టింది.

ఆటోలో పంపొచ్చు కదా అని మీరు అడుగుతారు. పంపితే బిగించేదెవరు? ఒక బల్ల మీది తల ఇంకో బల్లకు ఊరికే కూర్చోదు. బెల్టు బిగువు చూడాలి, చక్రం వరస చూడాలి, నాలుగు గుడ్డముక్కలు కుట్టి చూడాలి. అది నేనే పోవాలి.

మూడున్నరకు డెబ్బై ఆరు చూపించింది. పోనూ రానూ డెబ్బై కిలోమీటర్లు. ఇంకో గంటన్నర ఆగితే నిండిపోతుంది. కానీ నాలుగుంబావుకు ఆసియా బడి నుంచి వస్తుంది. చూస్తే పోనివ్వదు.

"ఆసియాకు చెప్పొద్దు," అన్నాను బండెక్కుతూ.

"నేను చెప్పను. బండే చెప్తాది," అంది జైబున్నీసా. ఫోను సంగతి నేను మరిచేపోయాను. అయినా పోయాను.

అయిదు కాకముందే యేసమ్మ గడపలో దిగాను. బదులు మిషన్ బల్లకు బిగించి, బెల్టు వేసి, నీలం గుడ్డముక్క మీద నాలుగు వరసలు కుట్టాను. కుట్టు ముత్యాల్లా పడింది. యేసమ్మ నన్ను లేపి తను కూర్చుంది. తొక్కడం మొదలుపెట్టాక ఆమె మొహంలో నవ్వు వచ్చింది. నా ప్రాణం కుదుటపడింది.

"అన్నా, నీది కరెంటు బండి కదా. ఈడ ప్లగ్గు ఉండాది, పెట్టుకో. రెండు ముద్దలు సంగటి తినిపో," అంది తొక్కుతూనే.

బండిలో ముప్పై ఒకటి ఉంది. ఇంటికి ముప్పై అయిదు కిలోమీటర్లు. గోడకు ప్లగ్గు కళ్ళముందే ఉంది. ఛార్జరు నా సంచిలోనే ఉంది. ఒక్క గంట పెట్టి ఉంటే ఈ కథే లేదు. కానీ మిషన్ ఆగిన ఇల్లు అది. అన్నం ముట్టనివాణ్ణి కరెంటు ముట్టుకుంటానా? నాకు రెండూ ఒకటే.

"ఛార్జింగ్ శానా ఉండాది యేసమ్మా. నువ్వు కుట్టుకో," అనేసి బండెక్కాను.

దిగుళ్ళలో చెయ్యి వదిలి, మిట్టల్లో పాతికకు తగ్గించి, బతిమాలుకుంటూ తోలాను. ఎర్రగుంట్ల దాటేసరికి పది. తర్వాత ఆరు. తర్వాత బండి అంకె చూపించడం కూడా మానేసింది. తాబేలు బొమ్మ ఒకటి వెలిగింది. ప్రొద్దుటూరు ఇంకా అయిదు కిలోమీటర్లుందనగా, ఒక నాపరాళ్ళ ఫ్యాక్టరీ పక్కన, గప్‌చుప్‌గా నిలిచిపోయింది. చచ్చేటప్పుడు కూడా చప్పుడు లేదు దానికి.

పొద్దుగూకుతోంది. రాళ్ళ కుప్ప మీద కూర్చున్నాను. ఫోను చేతిలోకి తీసుకుని మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. ఆసియాకు చేస్తే అంగడి. చెయ్యకపోతే అయిదు కిలోమీటర్లు ఈ మోకాళ్ళతో బండి తోయాలి. పది అడుగులు తోసి చూశాను కూడా. మోకాలు కలుక్కుమంది. నా తిరుగుడు అయిపోయిందని అక్కడే తెలిసిపోయింది. బాధపడ్డాను. కానీ యేసమ్మకు మిషన్ ఇచ్చినందుకు మాత్రం కాదు.

ఐదు నిమిషాలు కాలేదు, ట్రాలీ ఆటో ఒకటి వచ్చి నా ముందు ఆగింది. ముందు సీట్లోంచి ఆసియా దిగింది.

"నేను ఫోను చేయలేదే?" అన్నాను.

"లెక్క ప్రకారం ఇంకో కిలోమీటరు ఎనకనే నిలిచిపోవాల. బాగానే తోలినావు," అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చిందో, దుమ్మో.

నేను తాళం తీసి ఆమె చేతిలో పెట్టాను. తీసుకుంది. వద్దని అంటుందేమోనని ఒక్క క్షణం చూశాను. అనలేదు. బండిని ఆటోలోకి ఎక్కించుకుని ఇల్లు చేరాం.

శుక్రవారం, శనివారం ఇంట్లో నాతో ఎవరూ పోట్లాడలేదు. అది ఇంకా కష్టం. శనివారం సాయంత్రం ఇరుసు వచ్చింది. యేసమ్మ మిషన్ బాగుచేసి పెట్టాను. ఆదివారం బడి లేదు కాబట్టి తానే తీసుకుపోయి ఇచ్చి, బదులు మిషన్ తెస్తానంది ఆసియా. చిన్నప్పుడు నా పక్కన కూర్చుని స్క్రూలు అందించిన పిల్ల, బిగించడం దానికి వచ్చు.

"పన్నెండున్నర కిలోలు ఎక్కువవుతాయి మరి," అన్నాను వెటకారంగా.

"నేను నీకంటే ఇరవై నాలుగు కిలోలు తక్కువ," అంది. నన్ను కూడా తక్కెడకు తగిలించిందన్నమాట.

ఆదివారం యేసమ్మ చర్చి నుంచి వచ్చే వేళ చూసుకుని పదకొండున్నరకు బయలుదేరింది. పోతూ పోతూ ఆ బండి చూపించేది తల్లి ఫోనులో కూడా పెట్టి పోయింది. నేనూ జైబున్నీసా మంచం మీద పక్కపక్కన కూర్చుని, ఆ నీలం చుక్కను చూస్తూ కూర్చున్నాం. ఎర్రగుంట్ల. ముద్దనూరు. పల్లె. చుక్క ఆగింది. అరవై రెండు.

పావుగంటయింది. అరగంటయింది. చుక్క కదల్లేదు.

"ఏంది, బండి చెడిపోయిందా? బిగించను రాలేదా?" అని నేను గది అంతా తిరుగుతున్నాను. రెండుసార్లు నేను బిగుసుకుపోయినప్పుడు, ఆ తర్వాత మొన్న గురువారం, ఆసియా ఇలాగే తిరిగి ఉంటుందని అప్పుడు తట్టింది. ఇన్నాళ్ళూ తట్టలేదు.

"అరవై ఆరు," అంది జైబున్నీసా.

"అరవై రెండు కదా?"

"పెరుగుతాంది. అరవై ఏడు."

నాకు అర్థమై ఒళ్ళు మండిపోయింది. "ఆ ఇంట్లో కరెంటు పెట్టిందా? దీనికి సిగ్గుందా? మిషన్ ఆగిన ఇంట్లో..."

"కూచో," అంది జైబున్నీసా. ఆ గొంతు ఆమె ఎప్పుడో గానీ వాడదు. కూర్చున్నాను.

"నువ్వు మొదటిసారి మా ఇంట్లో మిషన్ పెట్టి పోయిన పొద్దు, మా నాయన నీకు అన్నం తినమన్యాడు. నువ్వు తినలేదు. నువ్వు పోయినాక మా నాయన కూడా తినలేదు. మన ఇంట్లో ముద్ద ఆ పిల్లోడికి పనికిరాలేదు, అంత బీదోళ్ళం అయిపోయినామా అన్యాడు."

ఫోను మీంచి కళ్ళు తీసి ఆమె వైపు తిరిగాను. "ముప్పై నాలుగేళ్ళు చెప్పలేదే?"

"నువ్వు శానా గొప్పగా చెప్పుకుంటావు కదా ఆ మాట. ఎట్ల చెప్పాల?" అంది. "డెబ్బై."

సాయంత్రం అయిదుకు ఆసియా వచ్చింది. బదులు మిషన్ దించింది. పక్క సంచిలోంచి చెనిక్కాయల మూట తీసి తల్లికిచ్చింది. యేసమ్మ ఇరవై ఆరు జతలూ శనివారం మధ్యాహ్నానికే ఇచ్చేసిందట. మళ్ళీ ముప్పై జతలు చెప్పారట.

"ఆ పొద్దు మీ నాయనకు ఛార్జింగ్ సరిపోయిందా అని అడిగింది అబ్బా. సరిపోలేదని చెప్పినా. ఒప్పందం సంగతి కూడా చెప్పినా. ఆమె మిషన్ తొక్కేది నిలిపేసింది. 'ఇరవై రెండేండ్లు నా ఇంటికి మిషన్ మోసినాడు. గంట సేపు కరెంటు ఇచ్చే దానికి కూడా నేను పనికిరానా పాపా? నా ఇంటి ముందర నుంచి పోయి దారిలో రాళ్ళ మీద కూచున్యాడా?' అనింది. ఏడ్చింది అబ్బా."

ఇంకేం మిగిలింది నాకు? ఉస్తాదు చెప్పిన రెండో మాటను ముప్పై ఏడేళ్ళు మోసి, ఎన్ని ఇళ్ళలో ఎంతమందిని ఇలా చిన్నబుచ్చి వచ్చానో. తల దించుకున్నాను.

ఆసియా నోటుబుక్కు తీసింది. కొత్త లెక్క. పనిముట్లు, విడి భాగాలు, బదులు మిషన్, నేను, అన్నీ కలిపి. బండి పోయేది డెబ్బై ఎనిమిది కిలోమీటర్లు. దాని కింద జమ్మలమడుగులో ముప్పై నిమిషాలు, యేసమ్మ ఇంట్లో ఒక గంట, ఫయాజ్ అంగట్లో మూడు గంటలు. ఆ పేజీ మీద తాళం పెట్టి నా వైపు జరిపింది.

"లెక్కలో నేను ఈ ప్లగ్గులు ఏసుకోలేదు. తప్పు నాది కూడా. కానీ నువ్వు ప్రతి ఇంట్లో నోరు తెరిచి అడగాల. ఫోనులో నాకు తెలిసిపోతాది. పెరగని పొద్దు తాళం మళ్ళా నాది."

గురువారం పదిన్నరకు యేసమ్మ ఇంటి ముందు గంట మోగించాను. మిషన్ బాగానే నడుస్తోంది, చూడాల్సిన పనేమీ లేదు. ఛార్జరు చేతిలో పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాను. మిషన్‌కు ఏమైందమ్మా అని తప్ప ఏ గడపలోనూ ఇంకోటి అడిగినవాణ్ణి కాదు.

యేసమ్మ బయటికొచ్చి నా చేతిలో ఛార్జరు చూసింది. ఎందుకో ఆమెకు తెలుసు. తెలిసీ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఏందన్నా?"

"అది కాదు యేసమ్మా... బండికి..."

"బండికి ఏంది? గట్టిగా చెప్పు."

"బండికి కొంచెం కరెంటు ఇస్తావా?"

ఆమె ఛార్జరు నా చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది. ప్లగ్గుకు తగిలించి, బండి మీద పచ్చ లైటు వెలిగేదాకా చూసి, లోపలికి పోయి కంచం తెచ్చింది. సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి, నెయ్యి. నేను చేతులు కడుక్కుని కూర్చున్నాను. నా పక్కన మిషన్ నడుస్తూనే ఉంది. సంగటి వేడిగా ఉంది, ఊరుబిండి కారంగా ఉంది. నాకు కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి, కారమని చెప్పాను.

ముద్ద అయిపోయింది. యేసమ్మ తొక్కడం ఆపి నా వైపు చూసింది గానీ, పెట్టేదా అని అడగలేదు. నేనే కంచం ముందుకు జరిపి, ఇంకో ముద్ద పెట్టమని అడిగాను.